మంచాన పడిన మనిషికి పడక పుండ్లు రాకుండా చూసుకోవడం ఎలా

లోతైన పడక పుండు చర్మం మీద మొదలవదు. పడుకున్న మనిషి బరువు ఎముకల మీదికి దిగుతుంది. ఆ ఎముకకీ పరుపుకీ నడుమ ఉన్న కండ నలుగుతుంది, అందులోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందకపోతే చర్మం కొంతసేపు ఓర్చుకుంటుంది, కండ అంతసేపు ఓర్చుకోలేదు. అందుకే పైన గోరంత మచ్చ కనిపించినప్పుడు లోపల అరచేతి మేర పాడై ఉండొచ్చు. పైన రాసే ఏ పూతమందూ అంత లోతుకి చేరదు. వేళకి ఒళ్లు తిప్పడం, తిప్పిన ప్రతిసారీ చర్మాన్ని వెలుతురులో చూడడం, తడి నిలవకుండా చేయడం: ఈ మూడూ జరిగిన చోట పుండు పడే అవకాశం బాగా తగ్గుతుంది. ఖరీదైన పరుపు కొని ఈ మూడూ వదిలేస్తే పుండు పడుతుంది.

పక్షవాతం వచ్చినవాళ్లు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు, తుంటి విరిగి కదలలేనివాళ్లు, మతిమరుపు ముదిరినవాళ్లు, మత్తుమందుల ప్రభావంలో ఉన్నవాళ్లు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. మామూలు మనిషి నిద్రలో కూడా ఒత్తిడి తెలిసి తనంతట తానే ఒత్తిగిలుతాడు. వీళ్లకి ఆ ఒత్తిడి తెలియదు, తెలిసినా కదల్లేరు. ఆస్పత్రుల్లో నర్సులు ఈ ప్రమాదాన్ని బ్రేడెన్ స్కేలుతో కొలుస్తారు. 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ ప్రచురించిన కొలత ఇది. స్పర్శ తెలియడం, తేమ, లేచి తిరగడం, మంచంలో కదలడం, తిండి, ఒరిపిడి అనే 6 అంశాలకి మార్కులు వేస్తారు. మొత్తం 23. 18గానీ అంతకన్నా తక్కువగానీ వస్తే ప్రమాదం ఉన్నట్టు. ఇంట్లో మార్కులు వేయనక్కర్లేదు, ఆ 6 ప్రశ్నలూ గుర్తుంటే చాలు. జ్వరం వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా, తిండి మానేసినా ప్రమాదం ఆ రోజే పెరుగుతుందని అవే చెబుతాయి.

ఎక్కడ చూడాలి, ఎలా చూడాలి

వెల్లకిలా పడుకున్నవాళ్లకి తల వెనకభాగం, భుజాల రెక్క ఎముకలు, మోచేతులు, పిరుదుల చీలికకి సరిగ్గా పైన చేతికి తగిలే ఎముక, మడమలు నలుగుతాయి. అన్నిటికన్నా ఎక్కువ పుండ్లు పడేది ఆ పిరుదుల పైన ఎముక దగ్గరే, తరవాత మడమల మీద. పక్కకి తిరిగి పడుకుంటే చెవి, భుజం, తుంటి పక్క పొడుచుకొచ్చే ఎముక, రెండు మోకాళ్లూ ఒరుసుకునే చోటు, చీలమండలు. ఎక్కువసేపు కూర్చోబెడితే పిరుదుల అడుగున కూర్చునే ఎముకలు, తోక ఎముక.

చాలామంది మరిచిపోయేది గొట్టాలు, పరికరాలు. ఆక్సిజన్ గొట్టం చెవి వెనక కోస్తుంది, మాస్కు ముక్కు దూలం మీద నొక్కుతుంది. మూత్రపు గొట్టం తొడ కింద పడితే దాని ఆకారంలోనే గీతలా పుండు పడుతుంది. సిమెంటు కట్టు అంచు, బిగుతు మేజోడు, దిండు కింద పడిన సిరంజి మూత, అన్నీ ఇంతే. తిప్పినప్పుడల్లా ఒళ్లు కింద చెయ్యి పోనిచ్చి తడమండి.

ఎర్రగా కనిపించిన చోట వేలితో 3 సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఇంకా ఆడుతోంది. ఆ పక్కకి కొన్ని గంటలు పడుకోబెట్టకపోతే సర్దుకుంటుంది. నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది మొదటి దశ పుండు. చర్మం చిట్లలేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. చామనఛాయ, నల్లటి చర్మంలో ఈ ఎరుపు సరిగా కనిపించకపోవచ్చు, నొక్కితే తెల్లబడటమూ తెలియకపోవచ్చు. అక్కడ చేత్తో చూడాలి. చుట్టుపక్కల చర్మంతో పోలిస్తే వేడిగా ఉందా, చల్లగా ఉందా, గట్టిపడిందా, మెత్తగా బురదలా ఉందా, ముట్టుకుంటే నొప్పి అంటున్నారా, రంగు ఊదాకో నీలానికో తిరిగిందా అని వెతకండి. చేతి వెనకభాగంతో ముట్టుకుంటే వేడి తేడా బాగా తెలుస్తుంది.

పక్కకి తిప్పే పద్ధతి

ముందుగా 4, 5 దిండ్లు, భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా రెండు మడతలు వేసిన ఒక దుప్పటి సిద్ధం చేసుకోండి. ఆ దుప్పటిని మనిషి కింద అడ్డంగా పరిచి ఉంచాలి. ఆస్పత్రిలో దీన్నే డ్రా షీట్ అంటారు. దీనితో ఎత్తి జరపవచ్చు. చంకల్లో చేతులు వేసి లాగితే ఎముక జరుగుతుంది, చర్మం మాత్రం పరుపుకి అతుక్కుని అక్కడే ఉంటుంది. ఈ లోపలి గుంజుడుకే రక్తనాళాలు మెలిపడి తెగుతాయి. లాగడం వల్ల పడే నష్టం, బరువు వల్ల పడే నష్టం కంటే తక్కువేమీ కాదు.

ఎడమ పక్కకి తిప్పాలనుకుందాం. మీరు చేయబోయేది మనిషికి చెప్పండి. స్పృహ లేకపోయినా చెప్పండి, చెవులు పనిచేస్తూ ఉండొచ్చు. మంచం చక్రాలకి బ్రేకు వేసి, ఎత్తు మార్చే వీలుంటే మీ నడుము ఎత్తుకి లేపండి. గొట్టం ద్వారా ఆహారం ఎక్కుతుంటే ముందు ఆపేయండి, ఆ తరవాతే తలవైపు దించాలి. ఆహారం ఎక్కుతుండగా పడుకోబెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మూత్రపు సంచి మూత్రాశయం కంటే కిందే ఉండేలా, తిప్పబోయే వైపుకి మార్చండి.

మంచం మధ్యలోంచి అలాగే దొర్లిస్తే మనిషి అంచుకి వచ్చేస్తాడు. అందుకని చూసుకునేవాళ్లు ఇద్దరు, మంచానికి చెరోవైపు నుంచి డ్రా షీట్ చుట్టి పట్టుకుని, ముందు మనిషిని కుడి అంచువైపు జరపండి. ఎడమ చేతిని ఒంటికి దూరంగా, అరచెయ్యి పైకి ఉండేలా చాపండి. కుడి చేతిని ఛాతీ మీద పెట్టండి. కుడి మోకాలు మడిచి పాదం పరుపుకి ఆనించండి. ఇప్పుడు మీరు మంచానికి ఎడమవైపు నిలబడి, ఒక చెయ్యి కుడి భుజం మీద, ఇంకోటి కుడి తుంటి మీద వేసి మీవైపుకి దొర్లించండి. మీవైపుకి దొర్లిస్తే మీ ఒళ్లే అడ్డుగా ఉంటుంది, పడిపోయే భయం ఉండదు. మీ నడుము వంచకుండా మోకాళ్లు వంచి, ఒక కాలు మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చండి. చూసుకునేవాళ్లు నడుంనొప్పితో మంచం ఎక్కితే ఇద్దరికీ కష్టమే.

పూర్తిగా పక్కకి, అంటే 90 డిగ్రీలు తిరిగాక అలాగే వదిలేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. అప్పుడు బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది, అక్కడ కండ చాలా తక్కువ. వీపు వెనక భుజం నుంచి పిరుదు దాకా పొడుగ్గా ఒక దిండు పెట్టి, మనిషిని మెల్లగా దాని మీదికి వాల్చండి. వెల్లకిలా ఉన్న స్థితి నుంచి 30 డిగ్రీల వాలు చాలు. ఆ వాలులో బరువు పిరుదు కండ మీద పడుతుంది. తుంటి ఎముకా, పిరుదుల పైన ఎముకా రెండూ ఖాళీగా ఉంటాయి. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి కొలబద్ద అక్కర్లేదు. పిరుదుల పైన ఎముక కింద అరచెయ్యి దూర్చి చూడండి. పరుపు నొక్కకుండా ఆడితే కుదిరినట్టే.

ఆ తరవాత కింది భుజాన్ని కొద్దిగా ముందుకి లాగి, చెయ్యి ఒంటి కింద నలగకుండా చూడండి. చెవి మడతపడిందేమో చూడండి. మోకాళ్ల నడుమ ఒక దిండు, పైచేతి కింద ఒక దిండు. చివరగా దుప్పటి ముడతలు సాగదీయండి. ఒక్క ముడత కూడా 2 గంటల్లో చర్మం మీద అచ్చు వేస్తుంది.

పక్షవాతం ఉన్న చేతిని పట్టుకుని ఎప్పుడూ లాగొద్దు. భుజాన్ని పట్టి ఉంచే కండలు వదులుగా ఉంటాయి కాబట్టి కీలు జారుతుంది. భుజం వెనక రెక్క ఎముకకి, మోచేతికి ఆసరా ఇచ్చి కదపాలి. వెన్నెముక విరిగినవాళ్లనీ, తుంటి ఆపరేషన్ అయినవాళ్లనీ ఎటు, ఎలా తిప్పాలో ఆపరేషన్ చేసిన డాక్టరునిగానీ ఫిజియోథెరపిస్టునిగానీ అడిగి, మొదటిసారి వాళ్ల ఎదుట చేసి చూపించండి.

మడమల సంగతి

మడమ ఎముక మీద కండ ఉండదు, కాస్త కొవ్వు, చర్మం అంతే. అందుకని మడమకి మెత్తటిది ఆనించినా లాభం లేదు, అసలు ఏదీ తగలకూడదు. మోకాలి కింద నుంచి పిక్క చివరిదాకా దిండు పొడుగ్గా పెట్టండి. మడమ దిండు అంచు దాటి గాల్లో ఉండాలి. మడమకీ పరుపుకీ మధ్య ఒక కాగితం అడ్డులేకుండా జారాలి. మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, నిటారుగా చాచి ఉంచితే కీలు వెనక్కి గుంజుతుంది, అక్కడి పెద్ద రక్తనాళం నలుగుతుంది. దిండుని మడమ పైన తాడులా తగిలే స్నాయువు దగ్గర మాత్రమే పెడితే పుండు అక్కడ పడుతుంది. నీళ్లు నింపిన చేతి గ్లౌజులు మడమ కింద పెట్టే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది; వాటి వల్ల ఒత్తిడి తగ్గదు, పైగా జారిపోతాయి. మధుమేహం ఉన్నవాళ్ల మడమల్ని పొద్దునా సాయంత్రం తప్పకుండా చూడాలి. వాళ్లలో చాలామందికి నొప్పి తెలియదు, మడమకి రక్తం వెళ్లడమూ తక్కువే.

తలవైపు ఎంత ఎత్తు

తలవైపు ఎత్తి పెడితే మనిషి మెల్లగా కిందికి జారతాడు. చర్మం మాత్రం పరుపుకి అతుక్కుని అక్కడే ఉంటుంది, లోపలి ఎముక కిందికి దిగుతుంది. పిరుదుల పైన పడే లోతైన పుండ్లకి ఇదే పెద్ద కారణం. కాబట్టి మామూలు వేళల్లో తలవైపు 30 డిగ్రీలు మించొద్దు. తినిపించేటప్పుడు మటుకు కూర్చోబెట్టాలి, తిన్నాక 30 నుంచి 60 నిమిషాలు అలాగే ఉంచాలి. లేకపోతే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆయాసం ఉన్నవాళ్లనీ పడుకోబెట్టలేం. అలాంటప్పుడు ముందు మోకాళ్ల కింద ఎత్తు పెట్టి, ఆ తరవాతే తలవైపు లేపండి. జారడం తగ్గుతుంది. దించేటప్పుడు ముందు తలవైపు, తరవాత మోకాళ్లు.

ఎన్ని గంటలకి?

2 గంటలకొకసారి అనేది పాత లెక్క, మొదలుపెట్టడానికి మంచిదే. మంచి దళసరి ఫోమ్ పరుపు ఉండి, చర్మం బాగుంటే కొందరికి 4 గంటలు కూడా సరిపోతుంది. బాగా చిక్కినవాళ్లకి 2 గంటలు కూడా ఎక్కువే కావచ్చు. గడియారం కంటే చర్మమే నిజం చెబుతుంది. తిప్పిన వెంటనే అప్పటిదాకా కింద ఉన్న భాగాన్ని చూడండి, అరగంట తరవాత మళ్లీ చూడండి. అప్పటికీ ఎరుపు పోకపోతే ఆ పక్కకి అంతసేపు ఉంచలేమని అర్థం. వ్యవధి తగ్గించండి.

మంచం పక్కనే ఒక కాగితం అంటించి సమయం, ఏ పక్క, చర్మం ఎలా ఉంది అని రాయండి: "10 గం. ఎడమ, ఎరుపు లేదు", "12 గం. వెల్లకిలా, కుడి మడమ ఎర్రన". ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుని చూసుకునే ఇంట్లో ఈ కాగితం లేకపోతే, తెల్లవారుజామున 3 గంటలకి ఎవరు తిప్పారో ఎవరికీ తెలియదు. పిరుదుల పైన ఎరుపు ఉంటే వెల్లకిలా అన్నది ఆ కాగితం లోంచి కొట్టేసి, కుడి ఎడమలు మాత్రమే తిప్పండి.

కుర్చీలో ఒత్తిడి మంచంలో కంటే ఎక్కువ, ఎందుకంటే బరువంతా రెండు ఎముకల మీదే. పాదాలు నేలకి ఆనాలి, తొడలు సమంగా ఉండాలి. చేతుల్లో బలం ఉన్నవాళ్లు 15 నుంచి 30 నిమిషాలకొకసారి ముందుకిగానీ పక్కకిగానీ వంగాలి, 2 నిమిషాలైనా అలా ఉండాలి. క్షణంసేపు పైకి లేచి కూలబడితే కండకి రక్తం తిరిగి అందదు. తమంతట తాము కదల్లేనివాళ్లని గంటకి మించి కుర్చీలో వదలొద్దు.

ఎయిర్ బెడ్ గురించి

గాలి గదులు వంతులవారీగా నిండుతూ ఖాళీ అయ్యే పరుపు సాయం చేస్తుంది, తిప్పే పనిని మాత్రం తప్పించదు. పంపు మీద గాలి ఒత్తిడిని మనిషి బరువుకి సరిపోయేలా పెట్టాలి. తక్కువ పెడితే మనిషి కిందిదాకా దిగిపోతాడు, ఎక్కువ పెడితే బల్ల మీద పడుకున్నట్టే. పిరుదుల చోట పరుపు అడుగున చెయ్యి చాపి పెట్టి చూడండి: చేతికీ ఒంటికీ మధ్య కనీసం 2.5 సెంటీమీటర్ల గాలి ఉండాలి. దాని మీద ఒక పల్చటి దుప్పటి చాలు. రబ్బరు షీటు, దాని మీద రెండు దుప్పట్లు, దాని మీద డైపరు, దాని మీద మరో ప్యాడు వేస్తే ఆ గాలి పరుపు ఉన్నా లేనట్టే. కరెంటు పోతే ఎంతసేపు గాలి నిలుస్తుందో కొన్న రోజే తెలుసుకుని పెట్టుకోండి.

తడి

మూత్రంలో, మలంలో నానిన చర్మం సులువుగా చిట్లుతుంది. విరేచనాలైతే మరీ, అందులోని జీర్ణరసాలు చర్మాన్ని తినేస్తాయి. తిప్పిన ప్రతిసారీ డైపరు చూడండి. తుడిచేటప్పుడు ముందునుంచి వెనక్కి తుడవాలి, ముఖ్యంగా ఆడవాళ్లకి, లేదంటే మలంలోని క్రిములు మూత్రనాళంలోకి పోతాయి. గోరువెచ్చని నీళ్లు, గాఢత లేని సబ్బు చాలు. రుద్దొద్దు, మెత్తటి బట్టతో అద్దండి. ఆరాక జింక్ ఆక్సైడ్‌గానీ పెట్రోలియం జెల్లీగానీ పల్చగా రాయండి. దళసరిగా మెత్తితే డైపరు తడిని పీల్చుకోలేదు. తరవాతిసారి జింక్ పూతని మొత్తం గీకి తీయాల్సిన పని లేదు, మురికి అయిన పైపొర తుడిచి మళ్లీ రాస్తే చాలు. టాల్కం పౌడరు వద్దు. తడితో కలిసి గడ్డకట్టి, మడతల్లో ఇసుకలా ఒరుస్తుంది.

ఎర్రబడిన చోట మాలిష్ చేయడం, స్పిరిట్ రాయడం, మధ్యలో బెజ్జమున్న గుండ్రటి గాలి దిండు వేయడం, ఈ మూడూ ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. నలిగిన కండని మళ్లీ నలిపితే లోపల ఇంకా చిట్లుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగట్టి పగులుస్తుంది. గుండ్రటి దిండు అంచు చుట్టూ నొక్కుతుంది కాబట్టి మధ్య భాగానికి రక్తం రాకుండా కట్టేసినట్టవుతుంది.

తిండి విషయం క్లుప్తంగా: ప్రమాదం ఉన్నవాళ్లకి రోజుకి కిలో బరువుకి 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రోటీను, 30 నుంచి 35 కిలో కేలరీలు కావాలి. 50 కిలోల మనిషికి 62 నుంచి 75 గ్రాముల ప్రోటీను అన్నమాట. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది, కాబట్టి జావతో, పళ్లరసంతో ఈ లెక్క తేలదు. మూత్రపిండాల జబ్బు ఉంటే ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి.

పుండు పడితే

మొదటి దశలో, అంటే చర్మం చిట్లకుండా ఎర్రబడినప్పుడు, ఆ చోటి మీద బరువు పడకుండా చేయడమే వైద్యం. రెండో దశలో పైచర్మం ఊడి, లేతగులాబీ రంగులో తడిగా ఉంటుంది, లేదా నీటిపొక్కు ఉంటుంది. పొక్కు చిదమొద్దు. చేతులు కడుక్కుని, సెలైన్‌తో కడిగి, నర్సు చెప్పిన ఫోమ్ లేదా హైడ్రోకొల్లాయిడ్ (తడిని పీల్చి జెల్‌లా మారే అంటుకునే పట్టీ) డ్రెస్సింగ్ వేయాలి. గాలి తగిలి ఎండితే మానుతుందనేది పొరపాటు. కొత్త చర్మకణాలు తడిగా ఉన్న నేల మీదే పాకుతాయి, పెచ్చు కడితే దాని కింద నుంచి దారి వెతుక్కోవాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రిములతోపాటు ఆ కొత్త కణాలనీ చంపుతుంది. డ్రెస్సింగ్ తీసేటప్పుడు ఒక చేత్తో చర్మం అదిమి పట్టి, టేపుని చర్మానికి సమాంతరంగా మెల్లగా లాగండి. పైకి పీకితే చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా లేచొస్తుంది. నొప్పి మాత్ర ఉంటే డ్రెస్సింగ్‌కి అరగంట ముందు ఇవ్వండి.

వారానికొకసారి తల నుంచి పాదాల దిశలో పొడవు, దానికి అడ్డంగా వెడల్పు కొలిచి రాయండి. ఒకే కోణంలో ఫోటో తీసి పెట్టుకోండి. 2 వారాల్లో ఏ మాత్రం తగ్గకపోతే పద్ధతి ఎక్కడో తప్పుతోంది. డ్రెస్సింగ్ మార్చే ముందు, ఆ చోటి మీద ఇంకా బరువు పడుతోందేమో చూడండి.

పసుపు కొవ్వు కనిపించే మూడో దశ, కండో ఎముకో కనిపించే నాలుగో దశ, పైన నల్లటి పెచ్చు కట్టి అడుగు కనిపించని పుండు, వీటికి ఇంటి వైద్యం లేదు. మడమ మీద పొడిగా, గట్టిగా, చుట్టూ ఎరుపు లేకుండా అంటుకుని ఉన్న నల్ల పెచ్చుని మాత్రం గిల్లకుండా, నానబెట్టకుండా ఉంచి డాక్టరుకి చూపించండి. అది అప్పటికి సహజమైన మూతలా పనిచేస్తుంటుంది.

జ్వరం, చలి, దుర్వాసన, చీము, పుండు చుట్టూ పాకుతున్న ఎరుపు, కొత్తగా తికమకగా మాట్లాడడం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ముసలివాళ్లలో జ్వరం లేకుండా కేవలం మగతతోనే ఇన్‌ఫెక్షన్ బయటపడవచ్చు. ఛాతీ మధ్యభాగం, లేదా అంతకన్నా పై స్థాయిలో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకి ఒక్కసారిగా తలపగిలే నొప్పి, ముఖం మీద చెమట, రక్తపోటు పెరగడం వస్తే వెంటనే కూర్చోబెట్టి అత్యవసర సాయం పిలవండి. నొప్పి తెలియని పుండు, మడతపడిన మూత్రపు గొట్టం, రెండూ దీన్ని తెప్పించగలవు. సాయం వచ్చేలోగా గొట్టం సవరించండి.

ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు తిప్పిన సమయాలు రాసిన కాగితం, రెండు దిండ్లు వెంట తీసుకెళ్లండి. స్ట్రెచర్ మీది పల్చటి పరుపు మీద స్కానింగ్ కోసం వేచి ఉన్న గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. అక్కడా మడమల కింద నుంచి బరువు తీయండి, చివరిసారి ఎప్పుడు తిప్పారో నర్సుకి చెప్పండి. లోపల నలిగిన కండ ఊదారంగు మచ్చగా పైకి తేలడానికి 2, 3 రోజులు పడుతుంది. ఇంటికొచ్చాక మూడో రోజున అలాంటి మచ్చ కనిపిస్తే, అది ఆనాటి స్ట్రెచర్ మీదిదే కావచ్చు. ఆ వెంటనే ఆ భాగం మీద బరువు తీసేసి డాక్టరుకి చూపించండి.